ఫోన్‌లో బొమ్మ టీవీలోకి: కాస్ట్ చేయాలా, మిర్రర్ చేయాలా, స్టిక్ కొనాలా?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా పిన్ని ఒక మాట అడిగింది. డాలస్‌లో ఉన్న తమ్ముడు వాళ్ళ పాపకి అన్నప్రాసన చేస్తున్నాడు. వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తానన్నాడు. "ఇంతమందిమి ఆ చిన్న ఫోన్‌లోకి తలలు దూర్చి ఏం చూస్తాంరా? ఇంత పెద్ద టీవీ గోడకి పెట్టుకున్నాం, దీంట్లో రాదా?" అంది. అప్పటికే బాబాయ్ బజారుకెళ్ళి టీవీ వెనక గుచ్చే డాంగిల్ ఒకటి కొనుక్కొచ్చి ఉన్నారు. అది రెండు రోజులు పనిచేసి, మూడో రోజు నుంచి ఫోన్‌కి కనబడటం మానేసిందట. నిజానికి ఆ టీవీకి ఏ డాంగిలూ అక్కర్లేదు. ఫోన్‌లో బొమ్మని అందుకునే ఏర్పాటు కొన్న రోజు నుంచే అందులో ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే ఏం కొనాలన్న ప్రశ్నని ఇక్కడ చివరికి నెడుతున్నాను. ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. టీవీలో మీరు చూడాలనుకుంటున్నది ఏంటి? యూట్యూబ్ పాటలా, ఓటీటీలో సినిమానా, పెళ్ళి వీడియోనా, వీడియో కాలా, పిల్లాడి ఆన్‌లైన్ క్లాసా? చూసేదాన్ని బట్టి దారి మారిపోతుంది. ఒకే ఇంట్లో, ఒకే ఫోన్‌తో, యూట్యూబ్‌కి ఒక పద్ధతి బాగుంటే వీడియో కాల్‌కి ఇంకో పద్ధతి బాగుంటుంది.

కాస్ట్ వేరు, మిర్రర్ వేరు

చాలామంది ఈ రెండు మాటల్నీ ఒకేలా వాడేస్తారు. టెన్షన్ అంతా ఇక్కడే పుడుతుంది.

కాస్ట్ అంటే ఫోన్ టీవీకి కేవలం చిరునామా చెబుతుంది. "ఫలానా వీడియో, ఇక్కడ ఉంది, తెచ్చుకో" అంటుంది. టీవీ ఇంటి వైఫై మీద ఇంటర్నెట్‌కి వెళ్ళి ఆ వీడియోని తానే తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఫోన్ పని రిమోట్ పనే. హోటల్‌కి ఫోన్ చేసి ఆర్డర్ చెబితే భోజనం నేరుగా ఇంటికి వచ్చినట్టు.

మిర్రర్ అంటే ఫోన్ స్క్రీన్‌ని ఉన్నదున్నట్టు టీవీ మీద చూపించడం. వీడియోని ముందు ఫోన్ తెచ్చుకుని, స్క్రీన్ మీద ఆడించి, ఆ స్క్రీన్‌ని మళ్ళీ వీడియోగా మార్చి, టీవీకి పంపాలి. మనమే హోటల్‌కి వెళ్ళి, క్యారియర్‌లో పెట్టుకుని, మోసుకుంటూ ఇంటికి తెచ్చినట్టు. అందుకే మిర్రర్ చేస్తున్నప్పుడు ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ గబగబా దిగిపోతుంది, బొమ్మ అప్పుడప్పుడు తడబడుతుంది. ఫోన్‌కి ఏ మెసేజ్ వచ్చినా అది కూడా టీవీ మీద పడుతుంది.

మీరు చేస్తున్నది ఏదో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. టీవీలో వీడియో ఆడుతుండగా ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేయండి. టీవీలో బొమ్మ ఆగకుండా నడుస్తుంటే అది కాస్ట్. నల్లబడితే, ఆగిపోతే, అది మిర్రర్.

కాస్ట్ కుదిరే చోట మిర్రర్ జోలికి వెళ్ళకండి. నా సలహాలో ఎక్కువ భాగం ఈ ఒక్క ముక్కే. యూట్యూబ్ యాప్‌లో వీడియో తెరిస్తే పైన ఒక చిన్న గుర్తు కనిపిస్తుంది: టీవీ ఆకారం, దాని కింది మూలలో వైఫై గీతలు. అది నొక్కి టీవీ పేరు ఎంచుకుంటే చాలు. ఈ గుర్తు యాప్ లోపల ఉంటుంది. ఫోన్ పైనుంచి కిందికి లాగితే వచ్చే పలకల్లో ఉండే కాస్ట్ బటన్ చాలా ఫోన్లలో మిర్రర్ చేసేదే. పేరు కాస్ట్, చేసేది మిర్రర్. బాబాయ్ రోజూ యూట్యూబ్‌లో ప్రవచనాలు ఆ పైనుంచి లాగే బటన్‌తోనే టీవీకి పంపేవారు. గంట గడిచేసరికి ఫోన్ చేత్తో పట్టుకోలేనంత వేడి. యాప్ లోపలి గుర్తు చూపించాక ఇప్పుడు ప్రవచనం టీవీలో నడుస్తుంటే ఫోన్ జేబులో పెట్టుకుని పొలం గట్టు దాకా వెళ్ళొస్తున్నారు.

మీ టీవీలో ఏముంది?

ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ అని ఉన్నవాటిలో గూగుల్ కాస్ట్ (కాస్ట్‌ని అందుకునే గూగుల్ వాళ్ళ ఏర్పాటు) టీవీలోనే కలిసి వస్తుంది. సోనీ, షావోమీ, టీసీఎల్ లాంటి కంపెనీల టీవీలు మన ఇళ్ళలో చాలా వరకు ఈ రకమే. సెట్టింగ్స్‌లో క్రోమ్‌కాస్ట్ బిల్ట్ ఇన్ అనో, గూగుల్ కాస్ట్ అనో ఒక లైను కనిపిస్తుంది. అది ఉంటే మీకు సగం పని అయిపోయినట్టే.

శాంసంగ్ టీవీలు వేరే దారి. వాటి సాఫ్ట్‌వేర్ టైజెన్. ఫోన్ స్క్రీన్ చూపించడానికి మిరాకాస్ట్ అనే పద్ధతి వాడతాయి. శాంసంగ్ ఫోన్‌లో దాని పేరు స్మార్ట్ వ్యూ. ఎల్‌జీ టీవీల్లో వెబ్‌ఓఎస్ ఉంటుంది, స్క్రీన్ షేర్ అన్న పేరుతో అదే పని చేస్తాయి. 2019 నుంచి ఈ రెండు కంపెనీల టీవీలు చాలావాటిలో ఐఫోన్ పంపే బొమ్మని అందుకునే ఎయిర్‌ప్లే 2 కూడా వచ్చింది. గూగుల్ కాస్ట్ లేకపోయినా యూట్యూబ్ యాప్ లోపలి గుర్తు ఈ టీవీల మీద కూడా పనిచేస్తుంది. టీవీలో యూట్యూబ్ యాప్ ఉంటే అది ఫోన్‌లోని యూట్యూబ్‌తో నేరుగా మాట్లాడుకుంటుంది.

ఇక డబ్బా మీద స్మార్ట్ అని పెద్దక్షరాలతో రాసి తక్కువ ధరకి అమ్మే చిన్న బ్రాండ్లు ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో ఆండ్రాయిడ్ ఉంటుంది కానీ అది గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ టీవీ కాదు. మెనూ ఫోన్ స్క్రీన్‌లా కనిపిస్తుంది, యాప్‌లు దింపుకోవడానికి ఏదో వేరే స్టోర్ ఉంటుంది, గూగుల్ కాస్ట్ ఉండదు. షాపులో టీవీ కొనేటప్పుడు అమ్మేవాళ్ళ మాటతో సరిపెట్టుకోకండి. మీ ఫోన్ తీసి, వాళ్ళ వైఫైకి కలిపి, యూట్యూబ్ గుర్తు నొక్కి, ఆ టీవీ పేరు వస్తుందో లేదో అక్కడే చూడండి. రెండు నిమిషాల పని.

మీ ఫోన్ ఏ రకం?

మిరాకాస్ట్‌ని 2012లో వైఫై అలయన్స్ అనే కంపెనీల సంఘం తెచ్చింది. దీని గొప్పతనం ఏంటంటే మధ్యలో రౌటర్ అక్కర్లేదు. ఫోన్, టీవీ రెండూ వైఫై డైరెక్ట్ ద్వారా తమలో తాము కలుస్తాయి. ఇంట్లో ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఫోన్‌లో వైఫై ఆన్‌లో ఉంటే చాలు.

అయితే 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నాటికి గూగుల్ తన సొంత ఫోన్లలోంచి మిరాకాస్ట్‌ని తీసేసింది. ఇప్పటి పిక్సెల్ ఫోన్లలోనూ లేదు. శాంసంగ్, షావోమీ, వన్‌ప్లస్, రియల్‌మీ, వివో లాంటివాళ్ళు మాత్రం తమ తమ పేర్లతో ఉంచుకున్నారు: స్మార్ట్ వ్యూ, కాస్ట్, స్క్రీన్‌కాస్ట్ ఇలా. ఐఫోన్‌లో మిరాకాస్ట్ ఎప్పుడూ లేదు, దానికి ఎయిర్‌ప్లేనే దారి. అన్న ఫోన్ టీవీకి కలిసి, తమ్ముడి ఫోన్ కలవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. తమ్ముడి ఫోన్ పాడైపోలేదు, అది వేరే భాష మాట్లాడుతోంది.

ఐఫోన్ వాళ్ళకి ఇంకో మాట. మీ టీవీలో ఎయిర్‌ప్లే లేకపోయినా గూగుల్ కాస్ట్ ఉంటే, యూట్యూబ్ లాంటి యాప్‌ల లోపలి గుర్తుతో కాస్ట్ చేసుకోవచ్చు. టీవీ పేరు కనబడకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్ళి లోకల్ నెట్‌వర్క్ దగ్గర ఆ యాప్‌కి అనుమతి ఉందో లేదో చూడండి. ఐఓఎస్ 14 నుంచి ఈ అనుమతి అడుగుతున్నారు. ఎప్పుడో తొందరలో వద్దని నొక్కి మరిచిపోయినవాళ్ళు చాలామందే.

బ్లూటూత్‌తో బొమ్మ వస్తుందా అని కూడా అడుగుతుంటారు. రాదు. ఈ విషయంలో బ్లూటూత్ ధ్వనికే పనికొస్తుంది. టీవీ ధ్వనిని ఇయర్‌ఫోన్లలోకి తెచ్చుకోవడానికి మాత్రం అది చాలా బాగుంటుంది, ముఖ్యంగా చెవి సరిగ్గా వినపడని పెద్దవాళ్ళున్న ఇంట్లో.

వైఫై దగ్గర పడే చిక్కులు

కాస్ట్‌కి, ఎయిర్‌ప్లేకి దాదాపు ఎప్పుడూ ఫోన్, టీవీ ఒకే వైఫై మీద ఉండాలి. వినడానికి తేలికే. మా పిన్ని ఇంట్లో ఫైబర్ కనెక్షన్ బాక్సు రెండు పేర్లతో వైఫై ఇస్తోంది. ఒకటి మామూలు పేరు, రెండోది చివర 5జీ అని ఉన్నది. ఈ 5జీకీ సిమ్ 5జీకీ సంబంధం లేదు, ఇది 5 గిగాహెర్ట్జ్ వైఫై. ఇలా రెండు పేర్లున్నా ఎక్కువ రౌటర్లలో రెండూ ఒకే నెట్‌వర్క్ కిందికే వస్తాయి, ఇబ్బంది ఉండదు. కొన్ని రౌటర్లు మాత్రం విడదీస్తాయి. టీవీ పేరు ఫోన్‌లో కనబడకపోతే ముందు రెండింటినీ ఒకే పేరు మీదికి తెచ్చి చూడండి. గెస్ట్ అని ఉన్న వైఫైలో ఫోన్ ఉంటే అసలు కనబడదు. ఫోన్ ఇంటర్నెట్‌ని వేరే దారిలో తిప్పే వీపీఎన్ యాప్ నడుస్తున్నా ఇదే గొడవ.

టీవీ, రౌటర్ ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టండి, వేగం బాగుంటుంది. మధ్యలో రెండు గోడలుంటే 2.4 గిగాహెర్ట్జే నయం, అది గోడలు దాటి దూరం పోతుంది. అపార్ట్‌మెంట్లలో చుట్టూ ఇరవై రౌటర్లు 2.4 మీదే అరుస్తుంటాయి కాబట్టి అక్కడ వీలైనంత వరకు 5కే వెళ్ళాలి.

అమీర్‌పేట హాస్టళ్ళలో, మాదాపూర్ పీజీల్లో ఉండే పిల్లలు వైఫై ఉన్నా కాస్ట్ అవ్వట్లేదని వాపోతుంటారు. అలాంటి చోట్ల రౌటర్‌లో ఒక ఫోన్ ఇంకో పరికరాన్ని చూడకుండా అడ్డుకట్ట వేసి ఉంచుతారు. భద్రత కోసం అది సరైన పనే. అక్కడ మీకు మిరాకాస్ట్ పనికొస్తుంది, లేదా స్నేహితుడి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, టీవీని, మీ ఫోన్‌ని రెండింటినీ దానికే కలపండి. హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్‌తోనే కాస్ట్ చేయబోతే కొన్నిసార్లు కుదురుతుంది, కొన్నిసార్లు మొండికేస్తుంది. హాట్‌స్పాట్‌కి వేరే ఫోన్ ఉంటే గొడవ ఉండదు.

హాట్‌స్పాట్ అన్నప్పుడు డేటా లెక్క కూడా చూసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్కలో హెచ్‌డీకి గంటకు 3 జీబీ వరకు, 4కేకి 7 జీబీ వరకు పోతుంది. రెండున్నర గంటల సినిమా హెచ్‌డీలో చూస్తే ఏడున్నర జీబీ దాకా. రోజుకి 2 జీబీ ప్యాక్ ఇంటర్వెల్ దాకా కూడా రాదు. మిరాకాస్ట్‌లో ఫోన్ నుంచి టీవీకి వెళ్ళే దారికి డేటా ఖర్చు లేదు. ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న సొంత వీడియో అయితే ఒక్క ఎంబీ కూడా పోదు.

యూట్యూబ్‌కి ఇంకో వెసులుబాటు ఉంది. టీవీలోని యూట్యూబ్ సెట్టింగ్స్‌లో టీవీ కోడ్‌తో లింక్ చేయి అని ఉంటుంది. అక్కడ వచ్చే అంకెల్ని ఫోన్‌లోని యూట్యూబ్ యాప్‌లో కొడితే, రెండూ వేర్వేరు ఇంటర్నెట్ల మీద ఉన్నా కలిసిపోతాయి. టీవీ ఇంటి వైఫై మీద, ఫోన్ సిమ్ డేటా మీద ఉన్నా ఫరవాలేదు.

ఓటీటీలో నల్ల తెర

ఫోన్‌లో సినిమా చక్కగా ఆడుతుంది. మిర్రర్ చేయగానే టీవీలో మాటలు వినిపిస్తాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఎంతమంది టీవీ పాడైందని మెకానిక్‌ని పిలిచారో! ఇది పాడవడం కాదు. ఓటీటీ కంపెనీలు తమ సినిమాల్ని ఎవరూ కాపీ చేయకుండా రక్షణ పెడతాయి. స్క్రీన్‌ని కాపీ చేసి బయటికి పంపే ఏ పనినీ ఆ రక్షణ ఆపేయొచ్చు. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసినా నల్లగా వస్తుంది చూడండి, అదే కారణం.

దీనికి మందు, యాప్ లోపలి కాస్ట్ గుర్తు వాడటం, లేదా టీవీలోనే ఆ యాప్ వేసుకోవడం. నా మటుకు రెండోదే మేలు. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జియోహాట్‌స్టార్, ప్రైమ్ వీడియో ఏదైనా టీవీలో యాప్ దొరికితే అందులోనే చూడండి. నెట్‌ఫ్లిక్స్ అయితే 2019లోనే ఎయిర్‌ప్లే తీసేసింది. 2025 చివర్లో ఫోన్ నుంచి చాలా టీవీలకు కాస్ట్ చేసే వీలు కూడా తీసేసింది. ఇప్పుడు రిమోట్ పట్టుకుని టీవీలోని యాప్‌లోనే చూడాలి. నిన్నటిదాకా వచ్చింది ఇవాళ ఎందుకు రావట్లేదని ఫోన్‌ని తిట్టుకోకండి.

ఇంకో చిక్కు మన దేశంలో ఎక్కువ. అది మొబైల్ ప్లాన్. నెట్‌ఫ్లిక్స్ 2019లో ఇండియా కోసమే ఫోన్, ట్యాబ్లెట్లకు మాత్రమే పనిచేసే ప్లాన్ తెచ్చింది. 2021 డిసెంబరులో దాన్ని నెలకి 149 రూపాయలకి తగ్గించింది. జియోహాట్‌స్టార్‌లోనూ మొబైల్ ప్లాన్ ఉంది, రీచార్జ్‌తో పాటు ఉచితంగా వచ్చేది చాలాసార్లు అదే. ఈ ప్లాన్లతో టీవీలో చూడలేరు. టీవీ వెనక గుచ్చే స్టిక్కులు ఎన్ని కొన్నా, ఎన్ని కేబుళ్ళు మార్చినా రాదు. స్టిక్ కొనేముందు మీ ప్లాన్ పేరు ఒకసారి చదవండి. రెండు, మూడు వేలు పెట్టి స్టిక్ కొని, ఇంటికొచ్చాక ప్లాన్ సరిపోదని తెలిసి దిగాలుపడ్డవాళ్ళని చూశాను, బాధేసింది.

పెళ్ళి వీడియో, పాత ఫోటోలు

ఫోటోలు గూగుల్ ఫోటోస్‌లో ఉంటే ఆ యాప్‌లోనే కాస్ట్ గుర్తు ఉంది. ఒక్కో ఫోటో వేలితో జరుపుతుంటే టీవీలో మారుతుంటుంది. తాతయ్య, నాయనమ్మలకి ఇంతకన్నా బాగా ఏదీ నచ్చదు. ఫోన్‌లో దాచుకున్న వీడియోలైతే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్ వేసుకోండి. 2018లో వచ్చిన 3.0 నుంచి అది క్రోమ్‌కాస్ట్‌కి పంపగలదు. శాంసంగ్, ఎల్‌జీ లాంటి టీవీలు డీఎల్‌ఎన్‌ఏ అనే పాత పద్ధతిలోనూ ఫోన్ నుంచి వీడియో తీసుకుంటాయి. వేరే యాప్ ఏదైనా దానికోసం వేసుకోవాల్సి వస్తుంది.

కానీ మూడు గంటల పెళ్ళి వీడియో చూడాలంటే వైర్‌లెస్సే కావాలని పట్టుబట్టకండి. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ వెనక గుచ్చడమే హాయి. వీడియోగ్రాఫర్ ఇచ్చిన ఫైలు 4 జీబీ దాటితే, ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ దాన్ని తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ చేయాలి, మీ టీవీ అది చదువుతుందో లేదో ముందు చూసుకోవాలి.

క్లాసులు, ఆటలు

మిర్రర్ చేసినప్పుడు ఫోన్‌లో వేలు కదిపాక టీవీలో కదలడానికి కంటికి తెలిసేంత ఆలస్యం ఉంటుంది. క్లాసు వినడానికి, పీపీటీ చూపించడానికి దీనివల్ల నష్టమేమీ లేదు. ఆటలకి మాత్రం పనికిరాదు. పిల్లలు టీవీ చూస్తూ ఆడితే ఓడిపోతూనే ఉంటారు. ఆటలకి కేబులే మార్గం, అదీ ఫోన్ తన యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ రంధ్రం ద్వారా బొమ్మ పంపగలిగితేనే. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో ఆ శక్తి ఉండదు. శాంసంగ్ ఎస్ సిరీస్ లాంటి ఖరీదైన ఫోన్లలో, ఐఫోన్ 15 నుంచి ఇటువైపు వాటిలో ఉంది. ఫోన్‌కి ఆ శక్తి లేకపోతే బజార్లో అమ్మే సీ-టు-హెచ్‌డీఎంఐ కేబుల్ కొన్నా తెర మీద ఏమీ రాదు.

కొనక తప్పదంటే

టీవీ పాతది, స్మార్ట్ కాదు, హెచ్‌డీఎంఐ రంధ్రం మాత్రం ఉంది అనుకోండి. అప్పుడు స్టిక్ కొనాలి. ఇందులో మూడు రకాలు చూస్తాం.

గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ మీద నడిచే స్టిక్కులు ఒకటి. ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లైతే నేను చెప్పేది ఇవే, ఎందుకంటే కాస్ట్ వీటిలోనే పుట్టి పెరిగింది. 2013లో క్రోమ్‌కాస్ట్‌తో మొదలైంది. 2024 ఆగస్టులో క్రోమ్‌కాస్ట్ తయారీని గూగుల్ ఆపేసింది కాబట్టి ఆ పేరుతో పాత సరుకు ఎక్కువ ధరకి అమ్మజూపితే తీసుకోకండి. షావోమీ లాంటి ఇతర కంపెనీల స్టిక్కుల్లోనూ అదే గూగుల్ కాస్ట్ ఉంటుంది.

అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ రెండోది. రిమోట్‌తో ఓటీటీ యాప్‌లు చూసే పెద్దవాళ్ళకి ఇది చాలా సులువు. ఫోన్ విషయానికొస్తే ఇందులో గూగుల్ కాస్ట్ లేదు. యూట్యూబ్, ప్రైమ్ వీడియో యాప్‌ల నుంచి పంపుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని మిర్రర్ చేయాలంటే రిమోట్‌లో హోమ్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే మిర్రరింగ్ అని వస్తుంది. అయితే అన్ని మోడళ్ళలో ఈ వీలు లేదు, కొనేముందు ఆ మోడల్ వివరాల్లో ఆ మాట వెతకండి. ఫోన్‌లో మిరాకాస్ట్ కూడా ఉండాలి. ఐఫోన్ మిర్రర్ చేయాలంటే వేరే యాప్ వేసుకోవాలి. ఇంట్లో ఐఫోన్లే ఎక్కువ ఉండి, ధర అడ్డం కాకపోతే ఆపిల్ టీవీ బాక్సు బాగుంటుంది. ఎయిర్‌ప్లే ఉన్న టీవీ ఇప్పటికే ఉంటే అదీ అనవసరం.

మూడోవి, కోఠీ గుజరాతీ గల్లీలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో దొరికేలాంటి చవక డాంగిళ్ళు. ఇవి ఎక్కువగా మిర్రర్ మాత్రమే చేస్తాయి. ఫోన్ లేకుండా ఇవి దేనికీ పనికిరావు. ఓటీటీ యాప్‌లు చాలావరకు నల్ల తెరే చూపిస్తాయి. బాబాయ్ తెచ్చింది ఈ రకమే. నెలకోసారి ఫోటోలు చూపించడానికైతే సరే గానీ, రోజూ వాడే ఇంటికి నేను చెప్పను.

ఏ స్టిక్ కొన్నా ఒకటి గుర్తుంచుకోండి. దానికి కరెంటు టీవీ వెనకున్న యూఎస్‌బీ నుంచి ఇస్తే చాలా టీవీల్లో చాలదు. పాత టీవీల యూఎస్‌బీ అర ఆంపియరే ఇస్తుంది. సినిమా మంచి రసపట్టులో ఉండగా స్టిక్ ఆగి మళ్ళీ మొదలవుతుంటే తప్పు స్టిక్‌ది కాదు, కరెంటుది. పెట్టెలో వచ్చిన అడాప్టర్‌ని గోడ ప్లగ్‌లో పెట్టండి. అలాగే పెట్టెలో జానెడు కూడా లేని చిన్న హెచ్‌డీఎంఐ కేబుల్ ముక్క వస్తే పారేయకండి. గోడకి అతుక్కుని ఉన్న టీవీ వెనక స్టిక్‌కి వైఫై సరిగ్గా అందదు. ఆ ముక్కతో దాన్ని కాస్త బయటికి తీస్తే సిగ్నల్ కళ్ళముందే పెరుగుతుంది.

నలుగురి ముందు ఫోన్ తెర

ఒకసారి మా ఇంట్లో చుట్టాలందరి మధ్య ఫోన్ మిర్రర్ చేసి ఫోటోలు చూపిస్తుంటే, బ్యాంకు నుంచి ఓటీపీ, వెంటనే ఖాతాలో ఎంత ఉందో చెప్పే మెసేజ్ 43 అంగుళాల మీద పెద్దగా వచ్చి నిలిచాయి. ఎవరూ ఏమీ అనలేదు, నాకే మనసు కలుక్కుమంది. అప్పటి నుంచి మిర్రర్ చేసే ముందు డునాట్ డిస్టర్బ్ పెట్టి, నోటిఫికేషన్లు తెర మీద కనబడకుండా ఉన్నాయో లేదో చూసుకుంటున్నాను. కాస్ట్‌లో ఈ భయం లేదు, వీడియో తప్ప ఇంకేదీ టీవీకి వెళ్ళదు.

అపార్ట్‌మెంట్లలో పక్కింటి ఫోన్ మీ టీవీకి కలవడానికి అనుమతి అడగొచ్చు. తెలియని పేరుకి అలో నొక్కకండి. ప్లే స్టోర్‌లో స్క్రీన్ మిర్రర్ అని కొడితే వచ్చే పదుల యాప్‌లలో ఎక్కువ భాగం ఫోన్‌లో ముందే ఉన్న బటన్‌నే తెరిచి, మధ్యలో ప్రకటనలు గుప్పిస్తాయి. ఫోన్ చేసి స్క్రీన్ షేర్ చేయమని అడిగే మోసగాళ్ళ సంగతి వేరు. టీవీ కలపడానికి బయటివాళ్ళెవరికీ మీ స్క్రీన్ చూపించాల్సిన పని లేదు.

పిన్ని వీడియో కాల్

వీడియో కాల్‌కి కాస్ట్ కుదరదు, వాట్సాప్‌లో ఆ గుర్తే లేదు. మిర్రరే చేయాలి. ఇక్కడ తెలుసుకోవాల్సినవి రెండు. బొమ్మ టీవీకి వెళ్ళినా, కాల్ మాటలు చాలా ఫోన్లలో ఫోన్ స్పీకర్‌లోనే వస్తాయి. ఇది ఒకందుకు మంచిదే. మాట టీవీలో వస్తే, అదే మాట ఫోన్ మైకులోకి మళ్ళీ దూరి అవతలివాళ్ళకి ప్రతిధ్వనిగా వినపడుతుంది. రెండోది, టీవీ వైపు చూస్తూ మాట్లాడితే అవతలివాళ్ళకి మన చెవులే కనిపిస్తాయి. కెమెరా ఫోన్‌లో ఉంది కదా.

డాలస్‌లో ఉదయం 9 గంటలంటే మనకి రాత్రి 8:30. ఎనిమిదింటికే బాబాయ్ ఫోన్‌కి ఛార్జర్ తగిలించాం. గూగుల్ హోమ్ యాప్‌లో టీవీ పేరు నొక్కి, కాస్ట్ మై స్క్రీన్ (పేరు కాస్ట్ అయినా ఇదీ మిర్రరే) నొక్కి, నోటిఫికేషన్లు ఆపేశాం. టీవీ కింద బల్ల మీద అరిసెల స్టీలు డబ్బా పెట్టి, దానికి ఫోన్‌ని అడ్డంగా ఆనించాం. ఇప్పుడు టీవీ చూస్తున్నా ముఖాలు కెమెరా వైపే ఉన్నాయి. ఫోన్ అడ్డంగా ఉండేసరికి బొమ్మ టీవీ నిండా వచ్చింది. నిలువుగా ఉంటే మధ్యలో సన్నటి పట్టీలాగే ఉండేది.

పాప నోట్లో వాళ్ళ నాన్న ఉంగరంతో పాయసం పెట్టాడు. పిన్ని కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికెళ్ళి ఆ చెంప మీద చెయ్యి వేసింది. తర్వాత నేను ఒక కాగితం మీద ఇలా రాసి టీవీ పక్కన అతికించి వచ్చాను: "యూట్యూబ్‌కి యాప్‌లో ఉన్న గుర్తు. కాల్‌కి గూగుల్ హోమ్, టీవీ పేరు, కాస్ట్ మై స్క్రీన్. ఫోన్, టీవీ ఒకే వైఫై. కాల్‌కి ముందు ఛార్జర్, నోటిఫికేషన్లు ఆఫ్. ఫోన్ అడ్డంగా, డబ్బాకి ఆనించి."